స్పోర్ట్స్ కారుకు పంక్చర్ పడితే ముందు ఆగండి

పంక్చర్ పడ్డ స్పోర్ట్స్ కారును “ఏం కాదు, మెల్లగా టైరు షాపుదాకా పోనివ్వు” అనేవాళ్లతో నాకు చాలాకాలంగా పేచీ. మామూలు కారుకైతే ఆ సలహా సగం సార్లు చెల్లుతుంది. స్పోర్ట్స్ కారుకైతే ఆ ఒక్క కిలోమీటరుతోనే టైరు పోతుంది, అదృష్టం బాగోలేకపోతే రిమ్మూ పోతుంది. నేను చూసినంతలో మేకు దిగి పాడైన టైర్లకంటే, మేకు దిగాక నడపడంతో పాడైన టైర్లే ఎక్కువ. మేకు చేసిన రంధ్రాన్ని పూడ్చొచ్చు. ఆ తర్వాత మనం చేసే నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

ఎందుకో టైరు మీద ఉన్న అంకెలే చెబుతాయి. చిన్న కార్లకు 185/65 R15 అనే కొలత చాలా మామూలు. 185 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 65 అంటే ఆ వెడల్పులో అంత శాతం సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు. లెక్కేస్తే 120 మిల్లీమీటర్లు. అమెరికన్ స్పోర్ట్స్ కారు కార్వెట్ సి8 వెనక టైరు 305/30 ZR20. వెడల్పు ఒకటిన్నర రెట్లు దాటింది కానీ సైడ్‌వాల్ ఎత్తు 91.5 మిల్లీమీటర్లే. ఆ కాస్త ఎత్తులోనే గాలి ఉండి బండి బరువును మోయాలి. గాలి దిగిపోగానే రిమ్ అంచు సైడ్‌వాల్‌ను రోడ్డుకు అదిమి నలపడం మొదలుపెడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ అదే చోటు మడతపడి, లేచి, మళ్లీ మడతపడుతుంది. లోపలి దారాలు తెగుతాయి, రబ్బరు వేడెక్కి పొడి రాలుతుంది. షాపులో టైరు విప్పితే లోపల నల్లటి రబ్బరు పొడి గుప్పెడు కనిపించిందంటే కథ ముగిసినట్టే. రంధ్రం సూదిమొన అంతే ఉన్నా సరే, ఆ టైరు ఇక పనికిరాదు.

పైగా ఈ టైర్లు గాలి తగ్గినా కంటికి దొరకవు. సైడ్‌వాల్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది కదా, పావు వంతు గాలి పోయినా చూడ్డానికి మామూలుగానే నిలబడి ఉంటుంది. కాలితో తన్ని చూసే అలవాటు ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ముందు టైరైతే స్టీరింగ్ ఒక పక్కకు లాగి చెబుతుంది. వెనక టైరైతే ఆ కబురు కూడా ఆలస్యంగా వస్తుంది. మలుపులో తోక కాస్త వదులుగా ఊగినట్టు అనిపిస్తుంది, అంతే. ఇంజిన్ వెనకున్న కార్లలో బరువులో ఎక్కువ భాగం ఆ వెనక టైర్ల మీదే ఉంటుందన్నది గుర్తుపెట్టుకోవాలి.

అందుకే నేను డాష్‌బోర్డ్ మీది ప్రెజర్ అంకెను నా ఒంటి అనుభూతికంటే ఎక్కువ నమ్ముతాను. పోర్షే 959లో 1986 నాటికే టైరు ప్రెజర్‌ను కనిపెట్టే ఏర్పాటు ఉండేది. అమెరికాలో 2000లో వచ్చిన ట్రెడ్ అనే వాహన భద్రతా చట్టం పుణ్యమా అని 2007 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరైంది. యూరప్‌లో 2014 నవంబర్ నుంచి. అమెరికా నియమం ప్రకారం, ఉండాల్సిన గాలిలో 25 శాతం తగ్గాక లైటు వెలగాలి. అంటే పసుపు లైటు వెలిగేసరికే మనం ఆలస్యం. చక్రం లోపల సెన్సర్ ఉండి, నాలుగు టైర్ల అంకెలూ విడివిడిగా చూపించే కార్లలో ఆ లైటు కోసం ఎదురుచూడక్కర్లేదు. నేను చూసేది ఎంత తగ్గిందన్నది కాదు, ఎంత వేగంగా తగ్గుతోందన్నది. రాత్రికి రాత్రి రెండు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గితే అది నెమ్మది లీకు. వాల్వ్ కావొచ్చు, గుంతలో పడి వంగిన రిమ్ అంచు కావొచ్చు. గాలి నింపి, అంకె మీద కన్నేసి షాపుకు వెళ్లొచ్చు. అదే రెండు పీఎస్‌ఐ పది నిమిషాల్లో తగ్గితే ఆగాల్సిందే. చూస్తుండగానే అంకెలు జారుతుంటే ఇక ఆలోచించడానికేం లేదు.

ఆగడం అంటే ఎక్కడపడితే అక్కడ అని కాదు. వంతెన మీదో, సొరంగంలోనో, మలుపు దాటగానే పక్కన చోటు లేనిచోటో ఆగితే టైరు మిగులుతుందేమో కానీ మనం మిగలం. అలాంటిచోట హజార్డ్ లైట్లు వేసుకుని నడక వేగంతో వెడల్పైన చోటుదాకా పోవాలి, టైరు పోతే పోనీ. నేను తప్పంటున్నది ఆ రెండు వందల మీటర్లను కాదు. సురక్షితమైన చోటు దాటేసి కూడా “ఇంకొంచెం పోదాం” అనుకోవడాన్ని.

అలా ఎందుకు అనుకుంటాం? నా సమాధానం కొంతమందికి నచ్చకపోవచ్చు. సిగ్గు. మామూలు కారు రోడ్డు పక్కన ఆగితే ఎవరూ తల తిప్పరు. స్పోర్ట్స్ కారు ఆగితే పండగే. నా రెండు సీట్ల కారు వెనక ఎడమ టైరు హైవే మీద గాలి వదులుతున్నప్పుడు, అంకె జారడం చూసి వెడల్పైన చోట ఆపాను. ముందు వచ్చినవాళ్లు ఫోటో అడిగారు. తర్వాత వచ్చినవాళ్లు సలహాలిచ్చారు. “ఇంత కారులో స్టెప్నీ లేదా!” అని ఒకాయన నిజంగానే బాధపడ్డాడు. ఇంకొకాయన తన మోటార్‌సైకిల్ మీద నాకు దారి చూపిస్తూ షాపుదాకా తీసుకెళ్తానన్నాడు. మంచి మనసుతోనే. ఆ క్షణంలో ఇంజిన్ స్టార్ట్ చేసి అక్కణ్ణుంచి మాయమైపోవాలనిపించడం సహజం. చూసేవాళ్లు వెళ్లిపోతారు, బిల్లు మాత్రం మనతోనే ఉంటుంది అని నాకు నేను చెప్పుకుని, కారును మొత్తంగా పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్‌ బండికి ఫోన్ చేశాను. టైరులో దిగింది చిన్న స్క్రూ, ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) మధ్యలో. నడపలేదు కాబట్టి ఆ టైరు బతికింది.

స్టెప్నీ సంగతికి వస్తే, ఆ పెద్దమనిషి బాధలో న్యాయం లేకపోలేదు. కార్ల కంపెనీలు స్టెప్నీ ఎత్తేయడం వెనక బరువు తగ్గించుకోవడం, ఖర్చు మిగుల్చుకోవడం రెండూ ఉన్నాయి. 1989 నాటి మొదటి మాజ్డా ఎంఎక్స్-5 డిక్కీలో సన్నటి స్టెప్నీ ఉండేది. ఇప్పటి తరంలో దాని బదులు టైరులోకి పోసి రంధ్రం పూడ్చే జెల్ సీసా, గాలి కొట్టే కంప్రెసర్ ఇస్తారు. అయినా అన్ని స్పోర్ట్స్ కార్లలోనూ ఇది కేవలం పిసినారితనం కాదు. ముందు చక్రాలు ఒక కొలత, వెనక చక్రాలు ఇంకో కొలత ఉన్న కారుకు ఒక్క స్టెప్నీ ఏ పక్కకని సరిపోతుంది? పెద్ద బ్రేక్ కాలిపర్ల మీదుగా చిన్న రిమ్ ఎక్కదు. వెనక ఇరుసుకు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు చక్రాల వేగాల్లో తేడా మరీ పెరగకుండా పట్టే గేర్ల పెట్టె) ఉంటే, ఒక పక్క పెద్ద చక్రం, ఇంకో పక్క చిన్న చక్రం తిరుగుతూ ఉన్నంతసేపూ అది లోపల నలుగుతూనే ఉంటుంది. పోర్షే 911లో దశాబ్దాలపాటు గాలి లేకుండా ముడుచుకుని ఉండే స్టెప్నీ ఇచ్చేవారు. చక్రం బిగించాక కంప్రెసర్‌తో గాలి కొట్టుకోవాలి. తెలివైన ఏర్పాటే. తీరా విప్పిన వెడల్పాటి వెనక చక్రం ముందున్న డిక్కీలో పట్టదు. దాన్ని పక్కసీటు మీద కూర్చోబెట్టాలి. ఆ సీట్లో అంతదాకా వచ్చిన మనిషి సంగతి మీరే ఊహించుకోండి.

స్టెప్నీ లేకపోవడాన్ని నేను క్షమించగలను. దాని స్థానంలో పెట్టిన జెల్ సీసాను స్టెప్నీకి సమానం అన్నట్టు అమ్మడాన్నే క్షమించలేను. ఆ సీసా పని చేసే పరిధి చాలా చిన్నది. ట్రెడ్‌లో పడ్డ రంధ్రం 4 నుంచి 6 మిల్లీమీటర్లలోపు ఉండాలి. సైడ్‌వాల్ చిరిగినా, ఉబ్బినా, రిమ్ వంగినా, టైరు రిమ్ నుంచి ఊడినా అది చేసేదేమీ లేదు. స్పోర్ట్స్ కారు గుంతలో పడ్డప్పుడు సరిగ్గా జరిగేవి అవే. అన్నీ కలిసొచ్చి పనిచేసినా 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు, కొద్ది దూరం పోయాక ఆగి మళ్లీ ప్రెజర్ చూడాలి, 1.3 బార్ కంటే, అంటే దాదాపు 19 పీఎస్‌ఐ కంటే తగ్గి ఉంటే ఇక నడపొద్దని చాలా కిట్ల సూచనల్లోనే ఉంటుంది. ఆ సూచనలు చదివినవాళ్లు ఎంతమంది? సీసాకు గడువు కూడా ఉంటుంది, సాధారణంగా నాలుగైదేళ్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారులోని సీసా గడువు ఎప్పుడు దాటిందో ఒక్కసారి తీసి చూడండి.

జెల్ పోశాక టైరు షాపువాళ్ల మొహం చూడాలి. లోపలంతా జిగురు. సెన్సర్ దాంట్లో మునిగి ఉంటుంది. శుభ్రం చేస్తే పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. చప్పుడు తగ్గించడానికి లోపల స్పాంజ్ అతికించిన టైర్లు ఈమధ్య ఎక్కువయ్యాయి, ఆ స్పాంజ్ జెల్ పీల్చుకుంటే ఇంకా చిరాకు. కొందరు జెల్ పోసిన టైరుకు ప్యాచ్ వేయడానికే ఒప్పుకోరు. కాబట్టి నా లెక్కలో జెల్ ప్రథమ చికిత్స కూడా కాదు, చివరి అస్త్రం. చీకటి పడింది, ఫోన్ సిగ్నల్ లేదు, ఆగిన చోటు ప్రమాదకరం అన్నప్పుడు వాడాలి. అప్పుడు టైరును వదులుకున్నట్టే అనుకుని వాడాలి.

మరి రన్-ఫ్లాట్ టైర్లు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి. 1997 మోడల్ కార్వెట్ సి5 నుంచి ఆ కారుకు ఎక్కువగా అవే ఇస్తున్నారు, స్టెప్నీ లేదు. సైడ్‌వాల్‌ను బలంగా కడతారు కాబట్టి గాలి పూర్తిగా పోయినా 80 కిలోమీటర్ల వేగంతో 80 కిలోమీటర్ల దూరం పోవచ్చన్నది మామూలుగా చెప్పే లెక్క. నిర్మానుష్యమైన రోడ్ల మీద ఒంటరిగా తిరిగేవాళ్లకు ఇంతకుమించిన ధైర్యం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ గట్టి సైడ్‌వాల్ రోడ్డు మీది ప్రతి అతుకునూ నడుముకు చేరవేస్తుంది, చక్రం బరువునూ పెంచుతుంది. బీఎండబ్ల్యూనే చూడండి. మామూలు మోడళ్లకు ఏళ్ల తరబడి రన్-ఫ్లాట్లు వేసిన కంపెనీ వేగం కోసం చేసే తన ఎం కార్లకు సాధారణంగా అవి వేయదు. నడపడం కోసమే కొనే కారుకు ఏది నప్పుతుందో వాళ్లకే తెలుసన్నమాట. ఇంకో చిక్కుంది: రన్-ఫ్లాట్‌లో గాలి పోయినట్టు ఒంటికి దాదాపు తెలియదు. సెన్సర్ చెప్పకపోతే ఆ 80 కిలోమీటర్లూ ఎప్పుడు మొదలయ్యాయో తెలియకుండానే అయిపోతాయి. గాలి లేకుండా నడిచిన రన్-ఫ్లాట్‌ను రిపేరు చేయొద్దనే చాలామంది తయారీదారులు అంటారు. అంటే అక్కడా ఆగకపోవడానికి ఒక టైరు ఖరీదు చెల్లిస్తున్నట్టే.

రోడ్డు పక్కన బయటి నుంచి రంధ్రంలోకి రబ్బరు పురి దూర్చే కిట్ గురించి రెండు మాటలు. మేకు ట్రెడ్ మధ్యలో కనిపిస్తూ, చక్రం విప్పకుండా చేయి పట్టేంత సందు ఉంటే, జెల్ కంటే ఇదే నాకు నయం అనిపిస్తుంది. టైరు లోపల ఏదీ చెడదు, తర్వాత సరైన రిపేరుకు దారి మూసుకుపోదు. కిట్ చేతిలో లేకుండా మేకు మాత్రం పీకకండి; చాలాసార్లు గాలిని ఆపుతున్నది ఆ మేకే. పురి దూర్చాక “అయిపోయింది” అనుకుని వారాంతంలో ట్రాక్ మీదికి పోయేవాళ్లంటేనే నాకు భయం. 250 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ముప్ఫై సార్లకు పైగా తిరుగుతుంది. దాదాపు 34 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న టైరు అంచున ఐదు గ్రాముల పురిని బయటికి లాగే బలం ఆ వేగంలో ఏడు కిలోల బరువుకు సమానం, అందులో లోపలి గాలి తోపుడు కలపలేదు. అదే పురి మీద 80 వేగంలో పడేది ముప్పావు కిలో. ఎనభై దాటొద్దని ఊరికే అనరు.

అదే లోపలి నుంచి వేసే పుట్టగొడుగు ప్యాచ్‌కు ఈ భయం తక్కువ. దాని కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు టైరు లోపలి వైపు అతుక్కుంటుంది. చక్రం ఎంత వేగంగా తిరిగితే ఆ గొడుగు అంత గట్టిగా లోపలి గోడకు అదుముకుంటుంది. అమెరికా టైరు తయారీదారుల సంఘం చెప్పే పద్ధతీ ఇదే: టైరు విప్పి లోపల చూడాలి, రంధ్రం ట్రెడ్‌లోనే ఉండాలి, 6 మిల్లీమీటర్లు దాటకూడదు, కాడా ప్యాచూ రెండూ పడాలి. రిపేరు చేసిన టైరుకు స్పీడ్ రేటింగ్ (ఎంత వేగందాకా తట్టుకుంటుందో టైరు మీద చెప్పే అక్షరం) వర్తించదని కొన్ని కంపెనీలు అంటాయి. W అంటే 270, Y అంటే 300 కిలోమీటర్లు. ఆ అక్షరానికి డబ్బు పెట్టినవాళ్లకు ఇది మింగుడుపడదు. రోడ్డు మీద సరిగ్గా ప్యాచ్ వేసిన టైరుతో నేను నిశ్చింతగా తిరుగుతాను. ట్రాక్ మీదికి ఆ టైరుతో పోను, పోతానన్నవాళ్ల పక్కన కూర్చోను.

ఇక జాకీ. ఎత్తు తక్కువున్న కారు, గాలిలేని టైరుతో ఇంకా కిందికి దిగి ఉంటుంది. మామూలు జాకీ కిందికే దూరదు. దూరినా, జాకీ పెట్టాల్సిన చోటు తప్పితే తలుపుల కిందుండే సైడ్ స్కర్టు పగులుతుంది. చక్రం బోల్టుల్లో ఒకటి దొంగలు విప్పకుండా పెట్టే తాళం బోల్టు అయితే దాని సాకెట్ కారులో ఉందో లేదో చాలామందికి అవసరం పడేదాకా తెలియదు. మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉండే సెంటర్-లాక్ చక్రాలైతే ఆ ఊసే వద్దు: 911 జీటీ3లో దాన్ని 600 న్యూటన్ మీటర్లకు బిగించాలి, ఇంట్లో వాడే టార్క్ రెంచ్‌లు (బిగింపు బలాన్ని కొలిచే పానాలు) చాలావరకు 200 దగ్గరే ఆగిపోతాయి.

అందుకే ఫ్లాట్‌బెడ్. ఫోన్ చేసేటప్పుడే “కారు కిందికుంది, ఏ చక్రమూ రోడ్డు మీద ఈడ్చకూడదు” అని చెప్పాలి, లేకపోతే కొక్కెం వేసి రెండు చక్రాలెత్తే బండి వస్తుంది. బండి వచ్చాక కూడా నిలబడి చూడాలి. ర్యాంప్ ఏటవాలు ఎక్కువగా ఉంటే ముందు బంపర్ కింద తగులుతుంది; చక్రాల కింద చెక్క పలకలు వేస్తే సరిపోతుంది, చాలామంది డ్రైవర్ల దగ్గర ఉంటాయి, అడిగితే తీస్తారు. లాగే హుక్కు టూల్స్‌తో పాటే ఉంటుంది, బంపర్‌లో చిన్న మూత తీసి బిగించాలి. బెల్టులు సస్పెన్షన్ ఆర్మ్‌లకు (చక్రాన్ని బండికి కలిపే కడ్డీలకు) కాకుండా చక్రాల మీదుగా కట్టించండి. “సార్, ఇలా మేం రోజూ కడతాం” అంటారు. కట్టనివ్వండి, ఆర్మ్‌ల జోలికి మాత్రం పోనివ్వకండి.

టైరు బతకలేదనుకుందాం. అప్పుడు అసలు ఖర్చు తేలుతుంది, ఎందుకంటే ఒకటి కొంటే సరిపోదు. ఒకే ఇరుసు మీద రెండు టైర్ల ట్రెడ్ లోతులో 30 శాతానికి మించి తేడా ఉండకూడదని పోర్షే మాన్యువల్ అంటుంది. నాలుగు చక్రాలూ తిప్పే కార్లలో ఇంకా కచ్చితంగా ఉంటారు. పైగా అదే కంపెనీ టైరులోనే పోర్షే కోసం తయారైనదానికి N0, N1 లాంటి గుర్తులు, బీఎండబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు MO ఉంటాయి. పేరొకటే అయినా లోపలి కట్టు వేరు. ఒక ఇరుసు మీద గుర్తున్నదీ లేనిదీ కలపడం నాకు ఇష్టం లేదు. జత కొనేయాలి.

అప్పుడు మిగిలిపోయిన ఆ రెండో మంచి టైరును ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. షాపువాళ్లు పాత టైర్ల గుట్టలో పడేస్తామంటారు. ఇవ్వకండి. దాని సైడ్‌వాల్ మీదున్న నాలుగంకెల కోడ్ చూడండి: 2323 అని ఉంటే 2023లో 23వ వారంలో తయారైంది. ఇంకా వయసుండి, ట్రెడ్ సగానికి పైగా ఉంటే నీడలో, పొడిచోట దాచండి. రేపు కొత్త జతలో ఒకటి కాస్త అరిగాక పోతే, దాని జోడీకి సరిపోయేది ఈ టైరే కావొచ్చు. కోడ్ ఆరేడేళ్లు దాటిందని చెబితే మాత్రం గుట్టలోకే.